మేము, మనం: దేవరగట్టు కర్రల నుంచి కర్నూలు వరద దాకా

దసరా మరుసటి రోజు పొద్దున్నే నా ఫోన్‌కు ఒకే వీడియో పది చోట్ల నుంచి వచ్చి పడుతుంది. చీకటి, కాగడాలు, వేల కర్రలు, తలకు తువ్వాల అదిమి పట్టుకుని పరుగెత్తే మనుషులు. దాని కింద అందరూ అడిగేది ఒకటే: "మీ కర్నూలోళ్ళు ఎందుకన్నా అట్లా కొట్టుకుంటారు?" చాలా ఏళ్ళు "అది ఆచారం" అని చెప్పి తప్పుకున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఏడాదంతా ఉల్లిగడ్డలు, పత్తి, కూలి లెక్కల మధ్య బతికే మనిషి, ఇంట్లో పిల్లల మీద కూడా చెయ్యెత్తని మనిషి, ఆ ఒక్క రాత్రి కర్ర పట్టుకుని మందిలోకి ఎందుకు దూకుతాడు? మంది అతన్ని మార్చేసిందా?

ఈ ప్రశ్న పట్టుకుని కొన్నేళ్ళుగా సామాజిక మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. గుంపులో మనిషి ఎలా ఆలోచిస్తాడు, ఎప్పుడు కొడతాడు, ఎప్పుడు కాపాడతాడు అన్నదాని మీద వందేళ్ళకు పైగా పరిశోధన జరిగింది. దాన్ని మన సీమ పక్కన పెట్టి చూస్తే, మనల్ని మనం చూసుకునే తీరు కొంత మారుతుంది.

ముందు దేవరగట్టు సంగతి. హొళగుంద మండలంలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న గుట్ట అది. గుట్ట మీద మాళమ్మ, మల్లేశ్వరస్వామి గుడి. విజయదశమి రోజు అర్ధరాత్రి స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాలు కిందికి దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ళ జనం వాటికి కాపలా. చుట్టుపక్కల ఊళ్ళ జనం వాటిని తమ వైపు తీసుకుపోవాలని మీదికి వస్తారు. దీన్ని మేం బన్ని అంటాం, పేపర్లు కర్రల సమరం అంటాయి. ప్రతి ఏడూ పదుల మందికి దెబ్బలు తగులుతాయి. కొన్ని ఏళ్ళలో ప్రాణాలూ పోయాయి. దాన్ని వెనకేసుకురావడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. ఇంటి మగమనిషి తిరిగొచ్చేదాకా ఆ రాత్రి నిద్రపోని ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారో ఇక్కడివాళ్ళకు తెలుసు.

గుంపులో పడితే మనిషికి మతి పోతుందన్న మాటను పుస్తకాలకెక్కించినవాడు ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లె బాన్. 1895లో ఆయన చెప్పిందేమిటంటే, మందిలో కలిసిన మనిషి తన వ్యక్తిత్వాన్ని పోగొట్టుకుంటాడు, నాగరికతలో కొన్ని మెట్లు దిగిపోతాడు, ఒకరి ఆవేశం ఇంకొకరికి అంటువ్యాధిలా పాకుతుంది. ఆ రోజుల్లో పారిస్ వీధుల్లో కార్మికుల సమ్మెలు, తిరుగుబాట్లు చూసి భయపడిన పెద్దమనుషుల వైపు నుంచి వచ్చిన మాట అది. మందిని బయట నుంచి, కొంచెం దూరం నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. మన టీవీ చానళ్ళు దేవరగట్టును చూపించేదీ అలాగే.

ఆ మాటను గట్టిగా దెబ్బకొట్టిన పరిశోధన 1980 నాటిది. ఏప్రిల్ 2న ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో సెయింట్ పాల్స్ అనే పేటలో పోలీసులు ఒక కెఫే మీద దాడి చేశారు. పేట జనం తిరగబడ్డారు, పోలీసులు కొన్ని గంటలు వెనక్కు తగ్గాల్సి వచ్చింది. స్టీఫెన్ రైకర్ అనే యువ పరిశోధకుడు అక్కడివాళ్ళతో మాట్లాడి, ఏ రాయి ఎక్కడ పడిందో ఓపిగ్గా లెక్క తీశాడు. జనం పోలీసుల మీద విసిరారు, పోలీసు కార్లు తగలబెట్టారు, బ్యాంకు లాంటివాటి మీద పడ్డారు. పేటవాళ్ళ ఇళ్ళ జోలికి పోలేదు. ఎవరో ఒకడు బస్సు మీదికి రాయి వేస్తే పక్కవాళ్ళు ఛీ కొట్టారు. అల్లరి పేట హద్దు దాటలేదు. అదే గుంపులోని కొందరు రోడ్డు మీద ట్రాఫిక్‌ను దారి మళ్ళించారు కూడా. మతి పోయిన మంది ఇంత ఎంచి ఎంచి కొట్టదు.

రైకర్ తేల్చిందేమిటంటే, మందిలో కలిసిన మనిషి తనను పోగొట్టుకోడు. 'నేను' అన్నచోట నుంచి 'మేము' అన్నచోటికి జరుగుతాడు. అక్కడ నిలబడి, మేమంటే ఎవరం, మాకు ఏది తగును, ఏది తగదు అని చూసుకుని నడుస్తాడు.

ఈ కళ్ళతో దేవరగట్టును చూడండి. ఊరేగింపు దారి తరతరాలుగా ఒక్కటే: పాదాలగట్టు, రక్షపడ, శమీ వృక్షం, చివరికి బసవన్న గుడి. రక్షపడ దగ్గర ఒక వంశస్థుడు తన తొడ నుంచి పిడికెడు రక్తం ఇస్తాడు. విగ్రహాలకు దెబ్బ తగలకూడదు. తెల్లవారేసరికి బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి చెబుతుంటే, రాత్రంతా కర్రలు తిప్పినవాళ్ళే చెవులు రిక్కించి వానలు ఎట్లుంటాయో, పత్తి ధర ఎట్లుంటుందో వింటారు. తగిలిన దెబ్బకు పసుపు అద్దుకుని ఇళ్ళకు పోతారు. అన్నిటికంటే నన్ను ఆపేసేది కొట్లాటకు ముందు జరిగే పని. ఆ మూడు ఊళ్ళ పెద్దలు డొల్లినబండ దగ్గర చేరి పాలు పట్టుకుని బాస చేస్తారు. తమ మధ్య ఉన్న పాత తగాదాలు పక్కన పెడతామని, ఉత్సవం ముగిసేదాకా ఒక్కటిగా ఉంటామని. దాన్ని పాలబాస అంటారు. నెరణికి వేరు, తండా వేరు, కొత్తపేట వేరు. ఆ గుక్కెడు పాల దగ్గర మూడూ ఒక్క 'మేము' అవుతాయి.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషులో దీనికి ఉన్నది ఒకే మాట. తెలుగులో రెండున్నాయి. 'మేము' అంటే వింటున్న నువ్వు అందులో లేవు. 'మనం' అంటే నువ్వూ ఉన్నావు. మన ఊర్లలో కొత్త మనిషిని కూర్చోబెట్టి మాట్లాడుతుంటే, ఎక్కడో ఒకచోట 'మేము' పోయి 'మనం' వస్తుంది. ఆ క్షణం ఇద్దరికీ తెలుస్తుంది. నేను చదివిన పరిశోధనంతా నాకు ఈ రెండు మాటల మధ్య తేడాగానే అర్థమైంది. గీత ఎక్కడ పడుతుంది, ఎందుకు పడుతుంది, ఎలా జరుగుతుంది అన్నదే అసలు విషయం.

గీత పడటానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదని చూపించినవాడు హెన్రీ తాజ్‌ఫెల్. ఆయన జీవితం తెలియకుండా ఆయన ప్రయోగం అర్థం కాదు. 1919లో పోలండులో యూదు కుటుంబంలో పుట్టాడు. చదువుకోవడానికి ఫ్రాన్సు పోయాడు. యుద్ధం వస్తే ఫ్రెంచి సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు చిక్కాడు. ఫ్రెంచి సైనికుడిగా ఖైదీల శిబిరంలో ఉన్నందువల్ల బతికాడు. పోలండు యూదుడని తెలిసి ఉంటే చంపేసేవాళ్ళే. తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అతను మంచివాడా, చెడ్డవాడా, కాపలా సైనికుడికి అతనంటే ఇష్టమా అన్నది లెక్కలోకి రాలేదు. ఏ ముద్ర కింద ఉన్నాడన్నదే ప్రాణాన్ని నిలబెట్టింది. ఆ మనిషి తర్వాత బ్రిస్టల్‌లో ప్రొఫెసరయ్యి అడిగిన ప్రశ్న ఇది: రెండు గుంపుల మధ్య పక్షపాతం పుట్టాలంటే కనీసం ఎంత తేడా ఉండాలి?

1970 ప్రాంతంలో ఆయన, సహచరులు కలిసి 14, 15 ఏళ్ళ బడిపిల్లలను తీసుకున్నారు. ఒక ప్రయోగంలో తెర మీద చుక్కలు చూపించి లెక్క ఊహించమన్నారు. ఇంకోదాంట్లో క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఏవి నచ్చాయో అడిగారు. దాన్ని బట్టి నువ్వు ఫలానా గుంపు అని ఒక్కొక్కరికీ విడిగా చెప్పారు. నిజానికి పంచింది ఇష్టం వచ్చినట్టు. ఒక గుంపువాడికి తన గుంపులో ఇంకెవరున్నారో కూడా తెలీదు. పాత పగ లేదు, ముందు లాభం లేదు. తర్వాత డబ్బు కింద మారే పాయింట్లు పంచమన్నారు, తనకు కాకుండా వేరే ఇద్దరికి.

ఆ పంపకం దగ్గర కాసేపు ఆగాలి. పిల్లవాడి ముందు జతలుగా అంకెలున్నాయి. ఒక చివర తన గుంపువాడికి 19, అవతలివాడికి 25. నడుమ ఇద్దరికీ 13. ఇంకో చివర తన గుంపువాడికి 7, అవతలివాడికి 1. తన గుంపు బాగుపడాలంటే 19 ఇవ్వాలి. అందరూ బాగుపడాలన్నా అదే. చాలామంది పిల్లలు ఆ చివరికి పోలేదు. సమానం దగ్గర నుంచి కొంచెం ఇటు జరిగి, తమవాడికి అవతలివాడి కంటే కాస్త ఎక్కువ వచ్చేచోట ఆగారు. అంటే తమవాడికి రావాల్సిన పాయింట్లు తగ్గినా పర్వాలేదు, అవతలివాడి కంటే పైన ఉంటే చాలు. "మాకు ఒక కన్ను పోయినా సరే, వాళ్ళకు రెండూ పోవాలి" అని మన పెద్దలు తిట్టే బుద్ధి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య అరగంటలో పుట్టింది.

దీన్ని మరీ ఎక్కువ చేసి చెప్పకూడదు. చాలామంది పిల్లలు న్యాయం వైపూ మొగ్గారు. బడిపిల్లలు కాబట్టి పెద్దవాళ్ళు తమ నుంచి ఏం కోరుతున్నారో ఊహించి అలా చేశారని వాదించినవాళ్ళున్నారు. అయినా ఆ తర్వాత ఎన్నో దేశాల్లో చేసి చూసినప్పుడు, గీత గీస్తే చాలు మనిషి కొంచెం ఇటు ఒరుగుతాడని మళ్ళీ మళ్ళీ తేలింది.

2022 ఏప్రిల్‌లో మన జిల్లాలు విడదీసినప్పుడు నాకు ఈ ప్రయోగమే గుర్తొచ్చింది. నంద్యాల కర్నూలు నుంచి, అన్నమయ్య జిల్లా కడప, చిత్తూరుల నుంచి, శ్రీసత్యసాయి జిల్లా అనంతపురం నుంచి విడిపోయాయి. జిల్లా కేంద్రం రాయచోటి ఎందుకు, రాజంపేట ఎందుకు కాదు అని, పుట్టపర్తి ఎందుకు, హిందూపురం ఎందుకు కాదు అని రోడ్ల మీదికొచ్చారు. అందులో ఆఫీసు దూరం, భూముల ధర లాంటి నిజమైన కారణాలున్నాయి, కాదనను. కానీ నిన్నటిదాకా ఒకే కలెక్టరాఫీసు మెట్లెక్కిన మనుషులు ఒక్క గీతతో "మా జిల్లా, మీ జిల్లా" అని మాట్లాడిన వేగం మాత్రం ఆ కారణాలతో పూర్తిగా తేలదు.

తాజ్‌ఫెల్, ఆయన శిష్యుడు జాన్ టర్నర్ కలిసి కట్టిన సిద్ధాంతం ఇక్కడితో ఆగలేదు. మనిషికి తన మీద ఉండే గౌరవంలో కొంత భాగం తన గుంపు నుంచి వస్తుందన్నారు. మరి లోకం ఆ గుంపును చిన్నచూపు చూస్తే? కొందరు గుంపు వదిలి వెళ్ళిపోతారు, యాస మార్చుకుంటారు, ఊరి పేరు చెప్పరు. కొందరు కలిసి పోరాడతారు. ఇంకొందరు పోలికనే మార్చేస్తారు: తిట్టుగా ఉన్న పేరుకు కొత్త పేరు పెట్టుకుంటారు, లోపంగా చూసినదాన్ని గొప్పగా నిలబెడతారు.

ఈ మూడోదానికి మన సీమ పేరు కంటే మంచి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు. 1800లో నిజాం ఇక్కడి చాలా భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అప్పటి నుంచి మన పేరు సీడెడ్ జిల్లాలు, తెలుగులో దత్తమండలాలు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థం. నూరేళ్ళకు పైగా ఆ పేరుతోనే బతికాం. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించారు. ఆయన పుట్టింది శ్రీకాకుళం వైపు, పాఠాలు చెప్పింది అనంతపురంలో. బయటి నుంచి వచ్చినవాడి నోట మన పేరు పుట్టింది. నేల అదే, కరువు అదే, మనుషులు అదే. కానీ ఇచ్చేసిన భూమి కాస్తా రాయలు ఏలిన భూమి అయింది. తొమ్మిదేళ్ళకు, 1937లో శ్రీబాగ్ ఒప్పందం దగ్గర కోస్తా నాయకుల ఎదురుగా కూర్చుని నీళ్ళ గురించి, రాజధాని గురించి అడిగినవాళ్ళు ఆ పేరుతోనే అడిగారు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. పేరు మారితే నీళ్ళు రావు, నిజమే. కానీ నీళ్ళడగడానికి ముందు అడిగే 'మేము' ఒకటి ఉండాలి. ఆ 'మేము'ను ఆ పేరు నిలబెట్టింది.

ఇక అందరూ మన గురించి అడిగే ఇంకో విషయం, ఫ్యాక్షన్. బయటివాళ్ళు అది కులాల గొడవనుకుంటారు. మా అమ్మమ్మ ఊర్లో టీ హోటళ్ళు రెండుండేవి. ఒకటి ఈ పార్టీది, ఒకటి ఆ పార్టీది. పార్టీ అంటే జెండాల పార్టీ కాదు, ఊర్లో ఇద్దరు పెద్దల కింద చీలిన వర్గాలు. రెండు హోటళ్ళలోనూ అన్ని కులాలవాళ్ళూ కూర్చునేవాళ్ళు. ఒకే కులం వాళ్ళు, ఒక్కోసారి ఒకే ఇంటి అన్నదమ్ములు, చెరో హోటల్లో టీ తాగేవాళ్ళు. నా చిన్నప్పుడు తెలియక అవతలి హోటల్లోకి పోతే మా మామ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "అది మనది కాదు నాయనా" అన్నాడు. ఆ 'మన'లో నేనెప్పుడు చేరానో నాకే తెలీదు.

వర్గాల మధ్య పగ ఎలా పుడుతుంది, ఎలా తగ్గుతుంది అన్నదాని మీద అందరూ చెప్పే ప్రయోగం ముజఫర్ షెరీఫ్‌ది. టర్కీలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనిషి. 1954లో ఓక్లహోమా రాష్ట్రంలో రాబర్స్ కేవ్ అనే అడవి పార్కులో వేసవి శిబిరం అని చెప్పి 11 ఏళ్ళ చుట్టుపక్కల వయసున్న 22 మంది మగపిల్లలను తెచ్చి రెండు జట్లుగా విడిగా ఉంచారు. ఒక జట్టు ఈగల్స్, ఇంకోటి రాట్లర్స్. వారం తర్వాత ఆటల పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళకే బహుమతులన్నారు. జెండాలు తగలబెట్టుకున్నారు, ఒకరి గదుల మీద ఒకరు పడ్డారు. కలిపి భోజనం పెడితే అన్నం విసురుకున్నారు. ఊరికే పక్కపక్కన కూర్చోబెడితే పగ తగ్గదని అక్కడే తేలిపోయింది.

ఆ తర్వాత జరిగింది మన సీమవాళ్ళకు చప్పున ఎక్కుతుంది. తాగునీళ్ళు ఆగిపోయాయి. పరిశోధకులే ట్యాంకు దగ్గర కొళాయికి అడ్డం పెట్టారు. దప్పికతో రెండు జట్లూ ట్యాంకు దగ్గరికి పోయి, కలిసి అడ్డం తీశారు. ఇంకోరోజు తిండి తెచ్చే లారీ మొరాయిస్తే, ముందు రోజుల్లో ఒకరి మీద ఒకరు గుంజులాట ఆడిన తాడునే దానికి కట్టి అందరూ ఒకే వైపు లాగారు. అలాంటివి కొన్ని జరిగాక తిరుగు ప్రయాణంలో చాలామంది ఒకే బస్సులో పోదామన్నారు.

కానీ అంతకు ముందు ఏడాది, 1953లో, షెరీఫ్ ఇదే ప్రయోగం న్యూయార్క్ రాష్ట్రంలో చేసి మధ్యలో ఆపేశాడు. అక్కడ పిల్లలు విడిపోకముందే కలిసి ఆడుకుని స్నేహం చేసుకున్నారు. పెద్దవాళ్ళు ఒకరి మీద ఒకరిని ఎగదోయడానికి ఎంత చూసినా వాళ్ళు కొట్లాడలేదు. తగువు పెడుతున్నది ఈ పెద్దలేనని అనుమానపడ్డారు. 1954 ప్రయోగం గురించి వందసార్లు చెప్పుకుంటారు, 1953 గురించి చెప్పరు. నా లెక్కలో ఫ్యాక్షన్ ఊర్ల గురించి మాట్లాడాలంటే 1953 నాటిదే ఎక్కువ పనికొస్తుంది. పగ నీళ్ళ కరువు వల్ల మాత్రమే రాదు, ఎవరో ఇద్దరు పెద్దలకు అది కావాలి. రాజోలిబండ దగ్గర తుంగభద్ర నీళ్ళ కోసం అటు పాలమూరు రైతులు, ఇటు కర్నూలు రైతులు ఏళ్ళ తరబడి తగాదా పడ్డారు. అక్కడా నీళ్ళ కొరత నిజం. దాన్ని ఎవరు ఏ భాషలో చెబుతారన్నదాన్ని బట్టి అది లెక్కల సమస్య అవుతుంది, లేదా మీదా మాదా అవుతుంది.

ఇప్పుడు నేను కళ్ళారా చూసిన సంగతి. 2009 అక్టోబరు 2. పైన తుంగభద్ర, పక్కన హంద్రీ, రెండూ ఒకేసారి కర్నూలు మీద పడ్డాయి. పాతబస్తీ వీధుల్లో నీళ్ళు మొదటి అంతస్తు దాకా వచ్చాయి. మా మిద్దె మీద ఆ రాత్రి ఇరవై మంది దాకా ఉన్నాం. వాళ్ళలో సగం మందితో అంతకు ముందు మాట్లాడింది లేదు. వెనక వీధిలో టైలరింగ్ చేసే చాచా ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చాడు. ఎవరో బొరుగుల సంచి తెచ్చారు, ఇంకెవరో బాలింతకు చోటిచ్చి వానలో నిలబడ్డారు. కిందింటాయన, మా నాన్నతో గోడ విషయంలో రెండేళ్ళు మాటల్లేనాయన, నడుముకు చీరలు ముడివేసి కట్టుకుని ఎదురింటి ముసలమ్మను నీళ్ళలో మోసుకొచ్చాడు. తొక్కిసలాట లేదు, నాకంటే నాకన్న కొట్లాట లేదు. ఆ రాత్రి ఆ మిద్దె మీద ఎవరూ 'మేము' అనలేదు. "మనం పొద్దుటిదాకా కూర్చుంటే చాలు" అన్నారు.

చాలా ఏళ్ళకు జాన్ డ్రూరీ పరిశోధన చదివినప్పుడు ఆ మిద్దె మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. 2005 జులై 7న లండన్ భూగర్భ రైళ్ళలో, బస్సులో బాంబులు పేలినప్పుడు బతికి బయటపడినవాళ్ళతో ఆయన బృందం మాట్లాడింది. పొగ, చీకటి, పక్కన చనిపోయినవాళ్ళు. అయినా అపరిచితులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు, గాయాలకు కట్లు కట్టారు, వరుసగా బయటికి నడిచారు. ఒకే ఆపదలో ఉన్నామన్న ఎరుక అక్కడికక్కడే ఒక 'మనం'ను పుట్టించిందని, ఆ 'మనం' ఎంత గట్టిగా అనిపిస్తే సాయం అంత ఎక్కువ జరిగిందని డ్రూరీ అంటాడు. ఆపదలో జనం ఒకరినొకరు తొక్కుకుంటారన్న భయంతో అధికారులు సమాచారం దాచిపెట్టడం, మూసిపెట్టడం తప్పని ఆయన గట్టిగా వాదించాడు.

ఆ 'మనం' నిలవదు కూడా. మా వీధిలో బురద ఎత్తిపోసినన్ని రోజులూ ఉంది. పరిహారం జాబితాలు వచ్చాక, ఎవరికి ఎంత వచ్చింది, ఎవరి పేరు పోయింది అన్న లెక్క మొదలయ్యాక మెల్లగా కరిగింది. ఇంగ్లండులోని యార్క్‌లో 2015 చివర వచ్చిన వరదల తర్వాత చేసిన అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపించింది. ఆపద పోయాక, సాయం అందరికీ ఒకేలా అందనప్పుడు కలిసికట్టుతనం సడలింది. కలుసుకోవడం ఆపనివాళ్ళ దగ్గర మాత్రం నిలిచింది.

ఈ గీత ఎంత సులువుగా జరుగుతుందో చూపించే ప్రయోగం ఒకటుంది, నాకు చాలా ఇష్టం. 2005లో మార్క్ లెవిన్ బృందం ఇంగ్లండులో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులను పిలిచి, వాళ్ళ జట్టు గురించి కొన్ని ప్రశ్నలడిగి, పక్క భవనానికి పొమ్మన్నారు. దారిలో ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి జారిపడి కాలు పట్టుకుని మూలుగుతాడు. అతనికి మాంచెస్టర్ చొక్కా ఉంటే 13 మందిలో 12 మంది ఆగి సాయం చేశారు. పగవాళ్ళయిన లివర్‌పూల్ చొక్కా ఉంటే 10 మందిలో ముగ్గురే. మళ్ళీ అలాంటి అభిమానులనే పిలిచి, ఈసారి జట్టు ఊసెత్తకుండా ఫుట్‌బాల్ అంటే ఎందుకిష్టమో రాయించారు. ఇప్పుడు లివర్‌పూల్ చొక్కావాడికి 10 మందిలో ఏడుగురు సాయం చేశారు. మామూలు చొక్కావాడికి మాత్రం 9 మందిలో ఇద్దరే. గీత చెరిగిపోలేదు, కొంచెం అవతలికి జరిగింది. ఇంకొకడు బయటే మిగిలాడు. ఏ 'మనం' అయినా ఎవరినో ఒకరిని బయట ఉంచుతుందన్న సంగతి మరిచిపోకూడదు.

మంది వల్ల మేలు జరగడం గురించి మనవాళ్ళ మీదే జరిగిన పరిశోధన ఉంది. రైకర్, నిక్ హాప్కిన్స్, అలహాబాదు విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి ప్రయాగ మాఘమేళాలో నెలంతా గుడారాల్లో ఉండే కల్పవాసులను గమనించారు. చలి, రొద, మురుగు, గంగలో తెల్లవారుజాము స్నానాలు. మామూలు వైద్యుడి లెక్కలో జబ్బు పడాలి. 2011లో 416 మంది యాత్రికులనూ, మేళాకు పోని 127 మందినీ ముందూ వెనకా అడిగి పోల్చితే, యాత్రికుల ఆరోగ్యం, మనశ్శాంతి మెరుగుపడినట్టు తేలింది. ఇంకో ప్రయోగంలో స్పష్టంగా తెలియని ఒకే రొదను వినిపించి, ఇది మేళా చప్పుడు అంటే ఎక్కువసేపు విన్నారు, ఊరి రద్దీ చప్పుడు అంటే విసుక్కున్నారు.

అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండుగ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. కుళ్ళాయిస్వామి పీరు లేచినప్పుడు అక్కడ హిందువులు, ముసల్మానులు కలిసే ఉంటారు. తప్పెట్ల మోత, సాంబ్రాణి పొగ, అగ్నిగుండం చుట్టూ రాత్రంతా జనం. స్పెయిన్‌లో శాన్ పెద్రో మన్రికే అనే ఊర్లో ఇలాగే నిప్పుల మీద నడుస్తారు. 2011లో ప్రచురితమైన పరిశోధనలో, నడిచేవాళ్ళకూ చూసేవాళ్ళకూ గుండె కొలిచే యంత్రాలు కట్టారు. నిప్పుల్లో నడుస్తున్నవాడి గుండె, గట్టు మీద నిలబడి చూస్తున్న అతని బంధువుల గుండె ఒకే తీరున ఎగిసి దిగాయి. ఊరికే చూడటానికి వచ్చిన పరాయివాళ్ళ గుండెలు అలా కలవలేదు. గూగూడులో కొలిస్తే ఎవరి గుండె ఎవరితో కలుస్తుందో చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి స్వామి భార్యగా, తమ ఇంటి ఆడబిడ్డగా తలచే బీబీ నాంచారమ్మ మీద భక్తితో వచ్చే ముసల్మాను కుటుంబాలను చూసినప్పుడూ అదే అనిపిస్తుంది. రక్తసంబంధం ఎక్కడి దాకా పోతుందో వాళ్ళు తేల్చుకున్నారు.

కలవడం ఎలాంటిదన్నది కూడా ముఖ్యమే. మాథ్యూ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది కుర్రాళ్ళతో క్రికెట్ లీగ్ పెట్టాడు. లాటరీ తీసి కొందరిని వేరే కులాలవాళ్ళతో ఒకే జట్టులో వేశాడు. కలిసి ఆడినవాళ్ళకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. వేరే కులంవాళ్ళకు ఎదురుగా ఆడినవాళ్ళలో ఆ మేలు కనిపించలేదు, పైగా కొంత చెడింది. మన ఊర్లలో సంక్రాంతికి పెట్టే టోర్నమెంట్లలో జట్టు పేరు పేట పేరో, కులం పేరో అవుతుంది. ఆటే కదా అనుకుంటాం.

ఇంత చదివాక నేను మళ్ళీ దేవరగట్టుకే వస్తాను. ఎందుకంటే ఏటా అక్కడ పోలీసులు వందల సంఖ్యలో దిగుతారు, కెమెరాలు పెడతారు, ఊర్లలో కర్రలు లాక్కుంటారు. అయినా ఆ రాత్రి కర్రలు వస్తాయి. ఈ విషయంలో 2004లో పోర్చుగల్‌లో జరిగిన ఫుట్‌బాల్ పోటీల అనుభవం చూడాలి. ఇంగ్లండు అభిమానులు ఎక్కడికి పోయినా కొట్లాటలే అన్న చెడ్డపేరు అప్పటికే ఉంది. క్లిఫర్డ్ స్టాట్ లాంటి పరిశోధకుల సలహాతో నగరాల్లో పోలీసులు మామూలు యూనిఫాంలో, ఇద్దరిద్దరుగా జనంలో తిరిగి పలకరించారు. హెల్మెట్లు, లాఠీల దళాలను కనపడకుండా దూరంగా ఉంచారు. అక్కడ గొడవలు దాదాపు లేవు. తాగి ఆగం చేసేవాణ్ణి తోటి ఇంగ్లండు అభిమానులే ఆపారు. అదే దేశంలో వేరే పోలీసు దళం పాత పద్ధతిలో నడిపిన ఆల్బుఫెయిరా అనే ఊర్లో రెండు రాత్రులు కొట్లాటలయ్యాయి. అందరినీ రౌడీలుగా చూసినచోట, అంతకు ముందు వేరువేరుగా ఉన్నవాళ్ళు కూడా పోలీసుకు ఎదురుగా ఒక్కటయ్యారు.

ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరుసటి రోజు పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామి వైపు కొందరు, కాళికమ్మ వైపు కొందరు. దుమ్ము లేచిపోయేలా పిడకలు విసురుకుంటారు. అక్కడా దెబ్బలు తగులుతాయి. కానీ కథలో ఆ ఇద్దరూ ప్రేమించుకున్నవాళ్ళు, చివర పంచాయితీ చేసి పెళ్ళి చేస్తారు. కొట్టుకున్న రెండు వర్గాలూ పెళ్ళివారవుతాయి. అదే జిల్లా, అదే జనం, అదే ఆవేశం. చేతిలో ఉన్నది పిడక, చివర ఉన్నది తాళి. 'మేము'ను మళ్ళీ 'మనం'లోకి తెచ్చే తలుపు అక్కడ ఆచారంలోనే ఉంది.

దేవరగట్టులో అలాంటి తలుపు పాలబాస దగ్గర ఉందని నాకు అనిపిస్తుంది. కర్రకు ఇనుప చుట్లు తొడిగిన రింగు కర్రలు, మందు, ఈ రెండూ పాత ఆచారంలోవి కావని అక్కడి ముసలివాళ్ళే చెబుతారు. ఆ మాట కలెక్టరు చెబితే బయటివాడి మాట అవుతుంది. డొల్లినబండ దగ్గర, పాలు చేతిలో పట్టుకున్న నెరణికి పెద్ద చెబితే అది బాస అవుతుంది. పోయినసారి నేను ఒక పెద్దాయనను అడిగాను, ఆ బాసలోకి ఎదుటి ఊళ్ళవాళ్ళను కూడా పిలవొచ్చు కదా అని. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. బీడీ ఆర్పి, "పాలు ఉన్నాయిలేప్పా" అన్నాడు. "వాళ్ళను పిలిచేదెవరు, అదీ మాట."